పెన్న ఒడ్డున... ఏకాంతం

అన్నీ పోగొట్టుకుని మడుగులో దాక్కున్న రాజు. అర్ధరాత్రి మర్రిచెట్టు కింద నిద్రపట్టని వీరుడు. వెనక్కి తిరిగి చూడకుండా హిమాలయాలవైపు నడిచిన అన్న. భారతంలోని ఈ ముగ్గురు ఒంటరివాళ్లకూ తెలుగు మాట నేర్పిన ఊరు నెల్లూరు. ఒంటరితనం మనిషికి తనను తాను చూపిస్తుందా? లేక తన నుంచి తననే దాచేస్తుందా? పెన్న వెంట సముద్రం దాకా, అక్కణ్నుంచి పులికాట్ సరస్సు దాకా వెళుతూ వెతుక్కోదగ్గ ప్రశ్న ఇది.

నెల్లూరు రంగనాయకుల గుడి వెనక పెన్న ఉంటుంది. వానాకాలం చివర్లో నిండుగా, ఎండాకాలంలో ఇసుకమేటలుగా. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి దాదాపు 600 కిలోమీటర్లు నడిచొచ్చిన నది, ఇంకాస్త దూరంలో సముద్రం ఉందనగా ఇక్కడ కాసేపు అలసట తీర్చుకుంటున్నట్టు కనిపిస్తుంది. సాయంత్రమైతే ఒడ్డున జనం. పిల్లలతో వచ్చినవాళ్లు, గుళ్లో దర్శనం చేసుకుని వచ్చినవాళ్లు, ఏమీ తోచక వచ్చినవాళ్లు. వాళ్లలో ఎప్పుడూ ఒకరిద్దరు మాత్రం దూరంగా కూర్చుంటారు. ఎవరితోనూ మాట్లాడరు. నీళ్లవైపు చూస్తుంటారు.

ఏడు వందల ఏళ్లకు పైగా వెనక్కి వెళితే, ఈ ఊళ్లోనే ఒక మంత్రిగారు ఉండేవారు. పదమూడో శతాబ్దం. ఊరి పేరు అప్పట్లో విక్రమసింహపురి. రాజు మనుమసిద్ధి. మంత్రి తిక్కన. రాచకార్యాలు, శత్రువుల దాడులు, దాయాదుల తగాదాలు... వీటి మధ్యే ఆయన భారతంలో విరాటపర్వం మొదలుకుని చివరిదాకా పదిహేను పర్వాలను తెలుగు చేశారు. మనుమసిద్ధి సింహాసనం పోగొట్టుకున్నప్పుడు తిక్కన ఓరుగల్లు వెళ్లి కాకతి గణపతిదేవుడి సాయం తెచ్చారని కథ. అంటే ఆయనకు అడవులూ ఆశ్రమాలూ దొరకలేదు. రాసిందంతా జనం మధ్యనే.

తిక్కన చెబుతుంటే కుమ్మరి గురునాథుడు తాటాకుల మీద రాసేవాడని నెల్లూరు వాళ్లు చెప్పుకుంటారు. ఎక్కడా ఆగకుండా చెప్పాలని తిక్కనకు పంతం. ఒకచోట పద్యం ముందుకు సాగక, ఏం చెప్పేదని లేఖకుణ్నే పేరుపెట్టి అడిగారట. గురునాథుడు అదీ పద్యంలో భాగమే అనుకుని రాసేశాడట. తీరాచూస్తే, సంధి కలిసి 'గురునాథుడు' 'కురునాథుడు' అయ్యాడు. సంజయుడు ధృతరాష్ట్రుడితో చెబుతున్న మాటగా పద్యంలో అతికినట్టు సరిపోయింది. నిజమో కాదో గానీ, అందులో ఒక సంగతి ఉంది. పక్కన మనిషి ఉన్నా, చెప్పేవాడు పూర్తిగా ఒంటరైపోయిన క్షణం అది. ఆ క్షణం వృథా పోలేదు. పద్యమైంది.

యుద్ధం ముగిశాక భారతం ఒంటరివాళ్ల కథ అయిపోతుంది. అన్ని అక్షౌహిణుల జనం పోయాక మిగిలిన కొద్దిమంది ఎవరికి వాళ్లుగా విడిపోతారు. ఆ భాగమంతా తిక్కనదే.

మడుగులో రాజు

మొదటి ఒంటరి దుర్యోధనుడు. పద్దెనిమిదో రోజుకు పదకొండు అక్షౌహిణులూ పోయాయి. తమ్ముళ్లు పోయారు. కర్ణుడు పోయాడు. గుర్రం లేదు, రథం లేదు. గద ఒక్కటి భుజాన వేసుకుని కాలినడకన బయల్దేరాడు. దారిలో సంజయుడు ఎదురైతే, నాన్నకు ఫలానా మడుగులో ఉన్నానని చెప్పమన్నాడు. ద్వైపాయన హ్రదంలోకి దిగి, మాయతో నీళ్లను గడ్డకట్టించి, లోపల పడుకున్నాడు.

పుట్టినప్పటి నుంచీ ఆయన ఒంటరిగా ఉన్నది ఆ కాస్తసేపే. చుట్టూ తొంభైతొమ్మిది మంది తమ్ముళ్లు, పక్కన కర్ణుడు, వెనక శకుని. అలాంటివాడికి మొదటిసారి తన ఊపిరి తనకు వినపడే నిశ్శబ్దం దొరికింది. ఆ నిశ్శబ్దం ఏమీ చేయలేదా అంటే, చేసింది. పాండవులు వచ్చి ఒడ్డున నిలబడి పిలిచినప్పుడు దుర్యోధనుడు కొత్తమాట మాట్లాడతాడు. ఎవరికోసం రాజ్యం కావాలనుకున్నానో వాళ్లే లేరు, ఇక నాకెందుకు, నువ్వే ఏలుకో, నేను నారచీరలు కట్టుకుని అడవికి పోతానంటాడు. సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్న నోటితోనే!

అది వైరాగ్యమా? ఓటమికి వేసిన ముసుగా? ధర్మరాజు నమ్మలేదు. నీది కాని రాజ్యాన్ని నువ్వు దానమివ్వడమేమిటని దెప్పాడు. దాక్కున్నావని ఎత్తిపొడిచాడు. అంతే. నీళ్లు పగిలాయి. గద పట్టుకుని పాత దుర్యోధనుడే పైకి లేచాడు. మనసులో పుట్టిన కొత్తమాట నాలుగు పరుషవాక్యాలకే చచ్చిపోయింది. మడుగు ఆయనకు విశ్రాంతి ఇచ్చింది. అద్దం కూడా చూపించింది. కానీ చూసినదాన్ని పట్టుకుని నిలబడే బలం ఇవ్వలేదు. ఎందుకంటే ఆయన అక్కడికి తనను వెతుక్కుంటూ వెళ్లలేదు. దాక్కోవడానికి వెళ్లాడు.

మర్రిచెట్టు కింద రాత్రి

రెండో ఒంటరి అశ్వత్థామ. అదే రాత్రి, తొడలు విరిగి పడి ఉన్న దుర్యోధనుణ్ని చూసి వచ్చాడు. కృపుడు, కృతవర్మ వెంట ఉన్నారు. ముగ్గురూ ఒక పెద్ద మర్రిచెట్టు కింద ఆగారు. ఇద్దరికీ నిద్ర పట్టింది. అశ్వత్థామకు పట్టలేదు. నిద్రపోయేవాళ్ల మధ్య మెలకువగా ఉన్నవాడి ఒంటరితనం ఎలాంటిదో అనుభవించినవాళ్లకే తెలుసు. చీకట్లో చెట్టు మీద కాకులు నిద్రపోతుంటే ఒక గుడ్లగూబ వచ్చి వాటిని చంపడం చూశాడు. నాకు దారి దొరికిందనుకున్నాడు. నిద్రపోతున్న పాండవ శిబిరం మీద పడి, ఉపపాండవులను చంపేశాడు.

గమనించాల్సింది ఇక్కడే. అశ్వత్థామకు దొరికింది అచ్చమైన ఏకాంతం. రాత్రి, అడవి, నిశ్శబ్దం, మెలకువ. మునులు కోరుకునేవన్నీ ఉన్నాయి. కానీ ఆయన వెంట తీసుకువెళ్లింది తండ్రి చావు మీద కోపం. అందుకే అంత పెద్ద ప్రకృతిలో ఆయన కంటికి ఒక్క గుడ్లగూబే ఆనింది. ఏది మోసుకెళితే అదే ఎదురవుతుంది. కృపుడు లేచి మంచిమాటలు చెప్పినా చెవికెక్కలేదు.

ఆయనకు పడ్డ శిక్ష చూడండి. మరణం కాదు. మూడు వేల ఏళ్లు ఒంటరిగా, పలకరించే దిక్కు లేకుండా తిరగమని కృష్ణుడి శాపం. ఒక్కరాత్రి ఏకాంతాన్ని పాడుచేసుకున్నవాడికి వేల ఏళ్ల ఒంటరితనం. మన భాషలో ఈ రెండు మాటలూ వేరువేరుగా ఉన్నాయి. ఏకాంతం మనిషి కోరి తెచ్చుకునేది. ఒంటరితనం మీద వచ్చి పడేది. గుళ్లో రాత్రి తలుపులు మూసేముందు దేవుడికి చేసేది ఏకాంతసేవ. ఒంటరిసేవ అని ఎవరూ అనరు.

వెంట నడిచిన కుక్క

మూడో ఒంటరి ధర్మరాజు. గెలిచినవాడు. యుద్ధం అయిపోయాక చనిపోయినవాళ్లకు నీళ్లు వదిలే వేళ, కర్ణుడు తన అన్నేనని తల్లి నోటివెంట విన్నాడు. గెలుపు అక్కడే చేదెక్కింది. శాంతిపర్వం మొదట్లో ఆయన కోరేది ఒక్కటే. అడవికి పోతాను, చెట్టు కింద ఒక్కణ్నే ఉంటాను, ఎవరితోనూ మాట్లాడను.

తమ్ముళ్లు ఒప్పుకోలేదు. ద్రౌపది ఒప్పుకోలేదు. ఒక్కొక్కరూ ఒక్కోరకంగా కోప్పడ్డారు. వ్యాసుడూ కృష్ణుడూ చెప్పారు. చివరికి ఆయనను అడవికి కాదు, అంపశయ్య మీదున్న భీష్ముడి దగ్గరికి పంపారు. పారిపోవాలనుకున్నవాణ్ని ముందు వినమన్నారు. దుర్యోధనుడు మడుగులోంచి అన్నదీ, ధర్మరాజు గంగ ఒడ్డున అన్నదీ దాదాపు ఒకటే మాట. ఇద్దరూ రాజ్యం వద్దు, అడవి చాలన్నారు. తేడా ఏమిటంటే, ధర్మరాజును ఆపడానికి మనుషులు మిగిలారు. ఆయన వాళ్ల మాట విన్నాడు.

ఆయన కోరుకున్న ఏకాంతం దొరికింది చాలా ఏళ్ల తర్వాత. రాజ్యం మనవడికి అప్పగించి, బాధ్యతలు తీర్చుకుని ఆరుగురూ ఉత్తరానికి నడిచారు. ముందు ద్రౌపది పడిపోయింది. తర్వాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు. ధర్మరాజు వెనక్కి తిరగలేదు. చివరికి మిగిలింది వెంట వచ్చిన ఒక కుక్క. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కను వదిలి ఎక్కమన్నాడు. నమ్మి వచ్చినదాన్ని వదిలి రానన్నాడు ధర్మరాజు.

ఈ కథ అందరికీ తెలుసు. దాని తర్వాతిది అంతగా చెప్పుకోం. స్వర్గంలో ధర్మరాజుకు ముందు కనిపించింది దుర్యోధనుడు, వైభవంగా కూర్చుని. నా వాళ్లేరీ అని అడిగితే, ఒక దూత ఆయనను చీకటిగా, దుర్గంధంగా ఉన్న దారిలో తీసుకెళ్లాడు. ఆ వాసన భరించలేక ధర్మరాజు వెనుదిరిగాడు. అప్పుడు చీకట్లోంచి గొంతులు... కాసేపు ఉండు, నువ్వు నిలబడితే చల్లటి గాలి తగులుతోంది, మా బాధ తగ్గుతోందని. ఎవరు మీరంటే, ఒక్కొక్కరూ పేర్లు చెప్పారు. కర్ణుడు, భీముడు, అర్జునుడు, ద్రౌపది...

ధర్మరాజు దూతను వెళ్లిపొమ్మన్నాడు. నేనిక్కడే ఉంటానన్నాడు. దారిలో వెనుదిరిగి చూడనివాడు ఇక్కడ వెనుదిరిగి నిలబడ్డాడు. తానెవరో ఆయనకు తెలిసింది హిమాలయాల మీది ఏకాంతంలో కాదు, చీకట్లో తనవాళ్ల గొంతు విన్న చోట. ఏకాంతం ఆయనను అక్కడిదాకా నడిపించింది. అంతే.

ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క తేలుతుంది. ఒకడు దాక్కోవడానికి ఒంటరయ్యాడు. ఒకడు పగను వెంటపెట్టుకుని ఒంటరయ్యాడు. ఒకడు చేయాల్సింది చేసి, ఎవరినీ వదిలించుకోకుండా ఒంటరయ్యాడు. ఏకాంతం ముగ్గురికీ సమానంగానే దొరికింది. ఫలితం మాత్రం ఒకటి కాదు.

పల్లిపాడు దాటి, సముద్రం దాకా

నెల్లూరు నుంచి తూర్పుకు బయల్దేరితే ఊరు త్వరగానే వెనకబడుతుంది. వరిమడులు, కొబ్బరిచెట్లు, రొయ్యల గుంటలు. ఇందుకూరుపేట మండలంలో పెన్న ఒడ్డునే పల్లిపాడు. ఇక్కడి పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య దానికి పూనుకున్నవాళ్లు. ఊరికి దూరంగా, నది పక్కన. కానీ ప్రపంచాన్ని వదిలేయడానికి కట్టింది కాదు. రాట్నం, ఖద్దరు, అందరూ కలిసి బతకడం. ఎవరి దారం వారు వడుకుతూ మౌనంగా గంటలు గడిపినా, ఆ దారం చివరికి ఎవరో కట్టుకునే బట్ట అవుతుంది. ధర్మరాజుకు నచ్చే ఏకాంతం ఇలాంటిదే.

ఆ దారినే ఇంకా ముందుకు వెళితే మైపాడు. నెల్లూరుకు పాతిక కిలోమీటర్లు. ఆదివారాలు జనంతో కిటకిటలాడే బీచ్, మామూలు రోజుల్లో మత్స్యకారులది. ఇక్కడొక వింత కనిపిస్తుంది. సముద్రం అంటే ఒంటరితనానికి గుర్తని కవులు అంటారు గానీ, సముద్రం మీద బతికేవాళ్లు వీలైనంత వరకు ఒంటరిగా వెళ్లరు. పడవకు నలుగురైదుగురు. ఒడ్డు నుంచి లాగే పెద్ద వలకు ఇంకా ఎక్కువమంది. ఈ తీరంలోని పట్టపు పల్లెల్లో ఊరంతా ఒక కట్టుబాటు మీద నడుస్తుంది. వేటకు ఎప్పుడు వెళ్లాలి, ఎప్పుడు మానాలి అన్నది కూడా నలుగురూ కూర్చుని తేల్చుకునేదే. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఈ ఒడ్డున జనం నేర్చుకున్నదీ అదే. పక్కవాడి కేక వినపడేంత దూరంలో ఉండాలి.

అందుకే హెమింగ్వే 1952లో అచ్చువేసిన 'ది ఓల్డ్ మ్యాన్ అండ్ ద సీ' ఇక్కడ కూర్చుని గుర్తుచేసుకోదగ్గ నవల. క్యూబా తీరంలో శాంటియాగో అనే ముసలి జాలరి. 84 రోజులు ఒక్క చేపా పడలేదు. ఒంటరిగా చాలాదూరం వెళ్లి పెద్ద చేపను పట్టాడు. తిరిగొచ్చేసరికి సొరచేపలు దాన్ని తినేసి అస్థిపంజరం మిగిల్చాయి. మనిషిని ఓడించలేరని చెప్పే పుస్తకంగా దానికి పేరు. కానీ ఆ ముసలాయన సముద్రం మీద పదేపదే తలుచుకునేది ఒక్కటే. ఆ కుర్రాడు పక్కనుంటే బాగుండు అని. ఊళ్లో తనకు కాఫీ తెచ్చిపెట్టే పిల్లవాడు. అంత దూరం వెళితేగానీ ఆ పిల్లవాడు తనకేమవుతాడో ఆయనకు పూర్తిగా తెలియలేదు.

తెలుగులో ఆ ముసలాయనకు తోడు ఉన్నాడు. డాక్టర్ కేశవరెడ్డి రాసిన 'అతడు అడవిని జయించాడు'లోని పందులకాపరి. చిత్తూరు జిల్లాలో పుట్టి, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేసిన కేశవరెడ్డి 2015లో కన్నుమూశారు. ఆ నవలలో ముసలివాడికి పేరు కూడా లేదు. కనబడకుండా పోయిన సుక్కపందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళతాడు. చీకటి పడుతుంది. ఆ రాత్రి అడవి ఆయనకున్న తెలివినీ, ధైర్యాన్నీ, భయాన్నీ అన్నిటినీ బయటికి లాగుతుంది. చదువుకున్నవాళ్లకూ సన్యాసులకూ మాత్రమే అంతర్మథనం ఉంటుందనుకునేవాళ్లకు అది గట్టి జవాబు. ఆయన అడవికి వెళ్లింది తనను తెలుసుకోవడానికి కాదు. ఒక పంది కోసం. తెలుసుకోవడం దారిలో జరిగింది.

దుర్యోధనుడికీ ఈ ముసలాళ్లిద్దరికీ ఉన్న తేడా అక్కడే. వీళ్లకు ఒక పని ఉంది. ఎవరినో, దేన్నో వెతుకుతూ వెళ్లారు. ఏకాంతం పనిలో కలిసి వచ్చింది.

పాదముద్ర చూసి వణికినవాడు

మైపాడు నుంచి దక్షిణానికి తీరం వెంట కృష్ణపట్నం రేవు, ఆపైన దుగరాజపట్నం. పక్కనే నడిచే బకింగ్‌హాం కాలువలో ఒకప్పుడు మద్రాసు దాకా పడవలు తిరిగేవి. దుగరాజపట్నానికి పాత మ్యాపుల్లో ఆర్మగాన్ అని పేరు. మద్రాసు ఇంకా పుట్టకముందే, 1620ల్లో ఇంగ్లిష్ వర్తకులు ఇక్కడ కోట, గిడ్డంగి పెట్టుకున్నారు. ఇక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డేనే తర్వాత దక్షిణానికి పోయి 1639లో మద్రాసుకు స్థలం సంపాదించాడు. సొంత ఊరు నెలల ప్రయాణమంత దూరం. ఉత్తరం రాస్తే జవాబు రావడానికి ఏడాదికి పైగా పట్టే కాలం. అలాంటి బతుకుల్లోంచే తర్వాతి శతాబ్దంలో ఇంగ్లిష్‌లో ఒంటరి దీవి కథ పుట్టింది.

డేనియల్ డీఫో 1719లో రాసిన 'రాబిన్సన్ క్రూసో' బడిపిల్లలందరికీ తెలుసు. ఓడ మునిగి దీవి చేరిన క్రూసో మొదట దేవుణ్ని తిడతాడు, తర్వాత లెక్కలు రాసుకుంటాడు, ఆపైన ప్రార్థన నేర్చుకుంటాడు. అంటే ఒంటరితనం ఆయనను మార్చింది. ఏళ్లతరబడి మనిషి మొహం కోసం తపించాడు. దాదాపు పదిహేనేళ్లకు ఇసుకలో ఒక మనిషి పాదముద్ర కనిపించింది. గంతులేయాల్సినవాడు వణికిపోయాడు! ఇంటికి పరుగెత్తి తలుపులు బిగించుకున్నాడు. కంచెలు పెంచుకున్నాడు. తనను తాను బాగా తెలుసుకున్నాననుకున్నవాడికి ఒక్క అడుగుజాడ పెట్టిన పరీక్ష అది.

ఏకాంతం నిజంగా పనిచేసిందో లేదో తెలిసేది ఏకాంతంలో కాదు. ఇంకో మనిషి ఎదురైనప్పుడే.

దీవి అంటే జనం

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ పోతుంది. రెండువైపులా నీళ్లు. చలికాలంలో ఆ నీళ్లలో గులాబీరంగు గీతల్లా ఫ్లెమింగోలు. చిలకా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. రోడ్డు చివర శ్రీహరికోట దీవి. 1971లో మొదటి చిన్న రాకెట్ ఎగిరింది మొదలు 2023 జులై 14న చంద్రయాన్-3 దాకా ఎన్నో ప్రయాణాలకు మొదటి మెట్టు. 2022లో జిల్లాల విభజనతో సూళ్లూరుపేట ప్రాంతం తిరుపతి జిల్లాలోకి వెళ్లినా, తీరం నెల్లూరుదేనన్న భావం మాటల్లో ఇంకా పోలేదు.

సరస్సు లోపల ఇరకం, వేనాడు లాంటి దీవులున్నాయి. బయటివాడికి దీవి అంటే ఏకాంతం. అక్కడ పుట్టినవాళ్లకు? ఆ సంగతి తెలియాలంటే స.వెం.రమేశ్ 'ప్రళయకావేరి కథలు' చదవాలి. 2005లో పుస్తకంగా వచ్చాయి. ప్రళయకావేరి అంటే పులికాట్‌కు ఉన్న పాతపేరే. తాత, అవ్వల దగ్గర పెరిగే ఒక పిల్లవాడి కళ్లతో, అచ్చంగా ఆ ప్రాంతపు మాటలతో చెప్పిన కథలు. చుట్టూ నీళ్లే. కానీ కథల్లో ఎక్కడా ఒంటరితనం కనిపించదు. చేపలు, పిట్టలు, ఆటలు, అలకలు, వంటలు, ఎగతాళి. ప్రతి పిట్టకూ పేరు, ప్రతి మనిషికీ వరస. దీవి ఎంత చిన్నదైతే చుట్టరికం అంత దగ్గరన్నమాట.

ఒంటరితనం ఆ పుస్తకంలో లేదని కాదు. అది పాత్రల్లో లేదు, జ్ఞాపకంలో ఉంది. ఇవన్నీ దూరమయ్యాక పెద్దవాడైన పిల్లవాడు వెనక్కి చూసుకుంటున్నాడన్న ఎరుక ప్రతి కథ అడుగునా ఉంటుంది. ఆ ఎరుకే అతనికి తాను ఎవరో, తన మాట ఏదో చెప్పింది. దీవిలో ఉన్నప్పుడు తెలియనిది, దీవి విడిచాక తెలిసింది. ధర్మరాజుకు చీకట్లో తనవాళ్ల గొంతులు వినిపించినట్టే.

ఇంట్లో ఒకరు...

ఇవన్నీ కథల్లో మాటలే కదా అనిపించవచ్చు. కానీ ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు ఒకరు ఒంటరిగా కూర్చుంటారు. పరీక్ష తప్పిన కుర్రాడు గది తలుపు వేసుకుంటాడు. భార్య పోయిన పెద్దాయన అరుగు మీద నుంచి లేవడు. పెళ్లయి వచ్చిన అమ్మాయి సాయంత్రాలు మేడమీదికి వెళ్లి చాలాసేపు కిందికి రాదు. వాళ్లను కదిలించాలా, వదిలేయాలా? ఇంటిల్లిపాదికీ అదే సందేహం.

తిక్కన పాత్రలు దానికి సూత్రం చెప్పవు గానీ, చూడాల్సిందేమిటో చూపిస్తాయి. మనిషి ఒంటరిగా ఉన్నాడా లేదా అన్నది కాదు, లోపలికి ఏం తీసుకెళ్లాడన్నది ముఖ్యం. సిగ్గుతో దాక్కున్నవాణ్ని ఒడ్డున నిలబడి దెప్పకూడదు. మడుగులోంచి వచ్చిన మెత్తటి మాటను ఆ రోజు ఎవరైనా నమ్మి ఉంటే ఏమయ్యేదో! కోపంతో మేలుకున్నవాడి పక్కన మనం నిద్రపోకూడదు. దుఃఖంతో పోతానన్నవాణ్ని నలుగురూ కలిసి ఆపాలి, మంచి చెప్పేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి. ఇక అన్నీ తీర్చుకుని, నిమ్మళంగా, కాసేపు తనలో తాను ఉండాలనుకునేవాళ్లను మాత్రం వాళ్ల మానాన వదిలేయాలి. వాళ్లు తిరిగొస్తారు. వచ్చేటప్పుడు ఏదో ఒకటి తెస్తారు.

పెన్న కూడా అంతే. అంత దూరం ఒక్కతే వస్తుంది. ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసేదాకా దారిపొడవునా చేలకు నీళ్లు ఇస్తూనే వస్తుంది.

ఎలా వెళ్లాలి?

చెన్నై-విజయవాడ రైలుమార్గంలో నెల్లూరు పెద్ద స్టేషన్. రంగనాయకుల గుడి, పెన్న ఒడ్డు ఊళ్లోనే. పల్లిపాడు, మైపాడు రెండూ ఇందుకూరుపేట మండలంలోనే కాబట్టి ఒకే రోజు చూసి రావచ్చు. మైపాడుకు నెల్లూరు నుంచి బస్సులున్నాయి. సముద్రంలో స్నానానికి దిగేవాళ్లు స్థానికులను అడిగి దిగడం మంచిది.

పులికాట్‌కు సూళ్లూరుపేటలో దిగాలి. ఫ్లెమింగోలు కనిపించేది ఎక్కువగా అక్టోబరు నుంచి మార్చి దాకా. దారిలోనే దొరవారిసత్రం దగ్గర నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు చెట్ల మీద గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుకుంటుంటాయి. శ్రీహరికోట రాకెట్ కేంద్రంలోకి అనుమతి లేనిదే వెళ్లలేం. ప్రయోగాలను చూడాలంటే 2019లో మొదలైన సందర్శకుల గ్యాలరీ కోసం ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. ఇరకం దీవికి భీములవారిపాలెం నుంచి పడవ మీద వెళ్లాలి.

తిరిగి వచ్చేటప్పుడు నెల్లూరు చేపల పులుసు తినడం మరిచిపోవద్దు. మామిడికాయ ముక్కలు వేసి ముందురోజు వండిందైతే ఇంకా రుచి. అది మాత్రం నలుగురూ కూర్చుని తినాల్సిందే.